చౌడు నేలల్లో ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పు తేలిన నేలలో బ్యాక్టీరియా సాయంతో పంట తీయవచ్చని చెప్పగానే కొందరు ఒక సీసా పోస్తే చౌడు విరిగిపోతుందని నమ్మేస్తారు. కొందరు ఇదంతా రంగు నీళ్ళు అమ్ముకునే వ్యాపారమని కొట్టిపారేస్తారు. అయినా చిత్రంగా ఇద్దరూ అడిగే ప్రశ్నలు ఒకటే. అవే పదే పదే వస్తున్నాయి కనుక పొలంలో పని సాగే వరుసలో ఇక్కడ పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి.

## వాడాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఈ బ్యాక్టీరియా నేలలో ఉన్న ఉప్పును తినేస్తాయా?

తినవు. ఈ ఒక్క అపోహ వదిలితే సగం నిరాశలు తప్పుతాయి. చిన్న లెక్క వేద్దాం. సంతృప్త మట్టి ముద్ద (నీరు పూర్తిగా పట్టించిన మట్టి) నుంచి తీసిన నీటి విద్యుత్ వాహకత, అంటే ఉప్పు పెరిగేకొద్దీ పెరిగే కొలత, మీటరుకు 8 డెసీసీమెన్స్ ఉందనుకోండి. అలాంటి నేలలో హెక్టారుకు పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే కరిగే లవణాలు ఇంచుమించు 4 టన్నులు ఉంటాయి. గ్రాముకు 10 కోట్ల బ్యాక్టీరియా ఉన్న పొడి ఒక కిలో తెచ్చి చల్లారు. ఒక్కో కణం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు. కిలోలోని పదివేల కోట్ల కణాలనూ తక్కెడలో వేస్తే గ్రాములో పదో వంతు తూగుతాయి. నేలలో అవి వెయ్యి రెట్లు పెరిగినా వంద గ్రాములే. ఆ వంద గ్రాములు నాలుగు టన్నులను ఎక్కడ మింగుతాయి? పైగా సోడియం, క్లోరిన్ మూలకాలు. వాటిని విరిచి ఇంకొక పదార్థంగా మార్చగల జీవి లేదు. ఈ బ్యాక్టీరియా సాయం చేసేది మొక్కకు. నేలలోంచి ఉప్పును బయటికి మోసుకుపోయేది నీరే, అదీ మురుగు కాలువ ఉంటేనే.

ఉప్పును తీయనప్పుడు ఇక వాటి వల్ల మేలేమిటి?

ఉప్పు మొక్కను రెండు విడతలుగా దెబ్బతీస్తుంది. మొదటిది దాహం. వేరు చుట్టూ ఉన్న నీటిలో లవణాలు పెరిగితే మట్టి తడిగా ఉన్నా వేరు ఆ నీటిని లాగలేదు. ఇది గంటల్లోనే మొదలవుతుంది, కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి. రెండోది విషం. సోడియం, క్లోరైడ్ ముదురు ఆకుల్లో వారాల తరబడి పేరుకుని అంచులను మాడుస్తాయి.

వీటికి తోడు మొక్క తనకు తానే చేసుకునే హాని ఒకటుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. కష్టంలో పడిన మొక్క ఇథిలీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. కాయలను మగ్గబెట్టే వాయువు ఇదే. మోతాదు మించితే వేరు ఎదగడం మానేస్తుంది, ఆకులు ముందే పండిపోతాయి. ఇథిలీన్‌కు ముడిసరుకు ఏసీసీ అనే పదార్థం. కొన్ని నేల బ్యాక్టీరియాలో దాన్ని విరిచే ఎంజైము, ఏసీసీ డీఅమైనేజ్, ఉంటుంది. వేరు నుంచి బయటికి స్రవించిన ఏసీసీని అవి అమ్మోనియాగానూ ఆల్ఫా కీటోబ్యుటిరేట్‌గానూ విడగొట్టి తమ ఆహారానికి వాడుకుంటాయి. ముడిసరుకు తరిగేసరికి వేరులో ఇథిలీన్ తగ్గుతుంది, ఆగిన వేరు మళ్ళీ సాగుతుంది. ఈ ఎంజైమును 1978లో హోన్మా, షిమోమురా అనే ఇద్దరు పరిశోధకులు వెల్లడించారు. అది మొక్కకు ఎలా కలిసివస్తుందో వివరించే నమూనాను 1998లో బెర్నార్డ్ గ్లిక్ బృందం ఇచ్చింది. 2004లో గ్లిక్, మాయక్, తిరోష్ కలిసి నెగెవ్ ఎడారిలోని అరావా ప్రాంతం నుంచి తీసిన అక్రోమోబ్యాక్టర్ రకాన్ని టమాటా నారుకు పట్టించి చూశారు. లీటరుకు 10 గ్రాముల ఉప్పు ఉన్న చోట కూడా ఆ నారు, పట్టించని నారు కన్నా బరువుగా ఎదిగింది.

మరికొన్ని బ్యాక్టీరియా వేరు చుట్టూ జిగట పదార్థాన్ని స్రవిస్తాయి. ఆ జిగట కొంత సోడియాన్ని పట్టి ఉంచుతుంది, మట్టి రేణువులను వేరుకు అంటిపెట్టి తడిని నిలుపుతుంది. బాసిల్లస్ సబ్‌టిలిస్ జీబీ03 అనే రకం వదిలే వాయువులు ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో సోడియం రవాణాను నడిపే జన్యువును వేరులో తగ్గించి కాండంలో పెంచాయని, దాంతో మొక్క మొత్తం మీద సోడియం తగ్గిందని 2008లో తేలింది. వేళ్ళను పెంచే ఆక్సిన్ ఇవ్వడం, కరగని భాస్వరాన్ని కరిగించడం లాంటివి చాలా జీవన ఎరువులు మామూలు నేలలోనూ చేస్తాయి. తేడా ఏమిటంటే, ఇవి అదే పనిని ఉప్పులోనూ ఆపకుండా చేస్తాయి.

"ఉప్పును ఇష్టపడే" బ్యాక్టీరియా అంటే ఉప్పు లేకపోతే చచ్చిపోతాయా?

కొన్ని నిజంగానే చచ్చిపోతాయి, కానీ పొలానికి పనికొచ్చేవి అవి కావు. ఉప్పు మడులను గులాబి రంగుకు తిప్పే హాలోబ్యాక్టీరియం లాంటి తీవ్ర లవణ ప్రియులకు సముద్రపు నీటికి నాలుగైదు రెట్ల ఉప్పు కావాలి. ఉప్పు బాగా పలచబడితే వాటి కణాలు పగిలిపోతాయి. (పేరులో బ్యాక్టీరియా అని ఉన్నా అవి ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినవి.) ఒక మంచి వాన పడితే పొలంలో వాటి కథ ముగిసినట్టే. మనకు కావలసినవి మధ్యరకం లవణ ప్రియులు, లేదా ఉప్పు ఉన్నా లేకున్నా బతకగల లవణ సహిష్ణువులు. హాలోమోనాస్, కుష్నేరియా మొదటి కోవకు దగ్గర. బాసిల్లస్‌, సూడోమోనాస్‌లలో రెండో కోవవి చాలా ఉన్నాయి. పొలంలో ఉప్పు వేసవిలో పెరిగి వానల్లో తగ్గుతుంది కాబట్టి రెండు కాలాలకూ ఓర్చుకునేవే అక్కరకొస్తాయి.

అంత ఉప్పులో అవి ఎలా బతుకుతున్నాయి?

బయట ఉప్పు ఎక్కువైతే కణంలోని నీరు బయటికి పోతుంది. దాన్ని ఆపాలంటే లోపల కూడా ఏదో ఒకటి నింపుకోవాలి. తీవ్ర లవణ ప్రియులు పొటాషియం లవణాన్నే నింపుకుంటాయి. మిగతావి ఎక్టోయిన్, గ్లైసీన్ బీటైన్, ట్రెహలోజ్ లాంటి చిన్న అణువులను పోగుచేసుకుంటాయి. ఇవి ఎంత చేరినా కణం లోపలి పనులకు అడ్డురావు. ఎక్టోయిన్‌ను 1985లో ఒక లవణ బ్యాక్టీరియాలోనే మొదట కనుగొన్నారు. ఇప్పుడు అది చర్మ సౌందర్య లేపనాల్లో కూడా వాడుకలో ఉంది.

ఇది రుజువైన విషయమా, ఇంకా కుండీల దశలోనే ఉందా?

కుండీల్లో రుజువులు కుప్పలుగా ఉన్నాయి. పొలాల్లో ఉన్నాయి గానీ తక్కువ, ఫలితాల్లో హెచ్చుతగ్గులూ ఎక్కువ. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఉప్పు నేలల మొక్కల వేళ్ళ నుంచి తీసిన హాలోమోనాస్, బాసిల్లస్ రకాలు ఒక శాతం ఉప్పులో అల్ఫాల్ఫా (లూసర్న్ అనే పశుగ్రాసం) ఎదుగుదలను పెంచాయని 2019లో ప్రకటించారు. భారతదేశంలో కేంద్రీయ మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ ఉప్పును తట్టుకునే జీవన ఎరువులను హాలో అజో, హాలో పీఎస్‌బీ పేర్లతో రూపొందించింది. అంటే దారి ఉంది, నడిచినవాళ్ళూ ఉన్నారు. అయితే కుండీలో మట్టిని వేడిచేసి పోటీ జీవులను తొలగిస్తారు, ఉప్పును కొలిచి పోస్తారు, నీరు సమయానికి పెడతారు. పొలంలో ఇవేవీ ఉండవు. కుండీలో వచ్చిన పెరుగుదల శాతాన్ని చూపించి అదే పొలంలోనూ వస్తుందని ఎవరైనా చెబితే, ఆ మాట దగ్గరే ఆగి ప్రశ్నించండి.

ఇప్పుడే దీని గురించి ఇంత మాట్లాడుకోవడం ఎందుకు?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఉప్పు బారిన పడిన నేల దాదాపు 138 కోట్ల హెక్టార్లు, మొత్తం భూభాగంలో పదో వంతుకు పైనే. మురుగు పోయే దారి చూడకుండా నీరు పారించడం, సముద్రం లోపలికి రావడం, భూగర్భ జలాలను తోడేయడం దీన్ని పెంచుతున్నాయి. నేలను బాగుచేయడం ఖర్చుతో, ఏళ్ళతో కూడిన పని. ఈలోగా పంటను నిలబెట్టే చిన్న సాయం ఏదైనా ఉందా అన్న వెతుకులాటే ఇది.

## నేల సంగతి తెలుసుకునేటప్పుడు

మా నేల పైన తెల్లగా పేరుకుంటోంది. ఇది ఉప్పు నేలే అనుకోవచ్చా?

అనుమానించవచ్చు, ఖాయం చేసుకోవద్దు. తెల్ల పొర సున్నం కూడా కావచ్చు. పరీక్షలో మూడు అంకెలు చూడాలి: విద్యుత్ వాహకత, పీహెచ్, మార్పిడి చెందే సోడియం (మట్టి రేణువులకు అతుక్కున్న సోడియం) శాతం. వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటి, పీహెచ్ 8.5 లోపు, సోడియం శాతం 15 లోపు ఉంటే అది పాల చౌడు. అంటే కరిగే లవణాలు ఎక్కువున్న నేల. వాహకత 4 లోపే ఉండి, పీహెచ్ 8.5 దాటి, సోడియం శాతం 15 దాటితే అది కారు చౌడు. వాహకత, సోడియం శాతం రెండూ హద్దు దాటితే మిశ్రమ చౌడు. పాత నివేదికల్లో డెసీసీమెన్స్‌కు బదులు మిల్లీమోస్ అని ఉండవచ్చు. సెంటీమీటరుకు మిల్లీమోస్ అని ఉంటే అంకె మారదు, కంగారు అక్కరలేదు.

నివేదికలో వాహకత 0.9 అని వచ్చింది. అంటే ఉప్పు లేనట్టేనా?

ఆ 0.9 ఏ పద్ధతిలో కొలిచారో చూడకుండా సంతోషించకండి. చాలా ప్రయోగశాలలు సులువుగా ఉంటుందని ఒక వంతు మట్టికి 2 లేదా 5 వంతుల నీరు కలిపి కొలుస్తాయి. నీరు ఎక్కువైతే ఉప్పు పలచబడి అంకె చిన్నదవుతుంది. పంటల తట్టుకునే శక్తిని చెప్పే పట్టికలన్నీ సంతృప్త మట్టి ముద్ద పద్ధతి మీద తయారైనవి. 1:5 పద్ధతిలో వచ్చిన అంకెను ఆ పద్ధతికి మార్చాలంటే బంక మట్టిలో 6 రెట్ల దగ్గర, ఇసుక నేలల్లో 14 రెట్లు లేదా ఇంకా ఎక్కువగా హెచ్చించాలి. అంటే 1:5 లో 0.9 వచ్చిన బంక నేల అసలు విలువ 5 దాటుతుంది. అది ఉప్పు నేలే. నివేదిక మీద పద్ధతి రాయకపోతే అడిగి రాయించుకోండి.

కారు చౌడులో కూడా ఇవి పనిచేస్తాయా?

ముందు జిప్సం, తర్వాతే బ్యాక్టీరియా. కారు చౌడులో అసలు రోగం ఉప్పు సాంద్రత కాదు, బంక రేణువులకు అతుక్కున్న సోడియం. అది రేణువులను విడదీసి రంధ్రాలను పూడ్చేస్తుంది. నేల తడిస్తే బురద, ఎండితే రాయి. వేరుకు గాలి అందదు, నీరు దిగదు. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది. బయటపడిన సోడియం సల్ఫేట్‌ను నీటితో కడిగి పంపాలి. క్షార గుణాన్ని తట్టుకునే బ్యాక్టీరియా ఉన్నాయి. ఆమ్లాలు స్రవించి సున్నాన్ని కొద్దిగా కరిగించేవీ ఉన్నాయి. అవన్నీ చేతి సాయానికి సరిపోతాయే తప్ప జిప్సం చేసే పని చేయలేవు.

ఎంత ఉప్పు వరకు వీటి సాయం కనిపిస్తుంది?

అది బ్యాక్టీరియా కన్నా పంట మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 1977లో మాస్, హాఫ్‌మన్ అనే పరిశోధకులు పంటల తట్టుకునే శక్తిని రెండు అంకెల్లో చెప్పారు: ఏ స్థాయి దాకా నష్టం ఉండదు, ఆపైన ప్రతి డెసీసీమెన్స్‌కు ఎంత శాతం దిగుబడి పడిపోతుంది. బార్లీకి ఆ హద్దు 8, పత్తికి 7.7, గోధుమకు 6, వరికి 3, టమాటాకు 2.5, మొక్కజొన్నకు 1.7, చిక్కుడు జాతి గింజలకు 1. మొక్కజొన్నలో హద్దు దాటాక ప్రతి మెట్టుకూ 12 శాతం పోతుంది. వాహకత 5 ఉన్న నేలలో వేస్తే లెక్క ప్రకారం 40 శాతం దిగుబడి పోయినట్టే. అదే నేలలో బార్లీకి ఏ నష్టమూ లేదు. ఏ బ్యాక్టీరియా ఇవ్వలేనంత లాభం పంట మార్చడంలోనే ఉందని దీన్ని బట్టే తెలుస్తుంది.

హద్దు కొంచెం దాటిన చోట, పంట బతికి ఉండి ఇబ్బంది పడుతున్న చోట వీటికి పని దొరుకుతుంది. హద్దు దాటని చోట తేడా కనిపించకపోవచ్చు. మొలకే రాని చోట డబ్బు వృథా.

## ఎంచుకునేటప్పుడు

సీసా లేదా ప్యాకెట్ మీద ఏమేం చూడాలి?

బ్యాక్టీరియా పూర్తి పేరు, రకం సంకేతం, గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎన్ని బతికిన కణాలు, తయారీ తేదీ, గడువు తేదీ, నిల్వ ఉంచాల్సిన ఉష్ణోగ్రత. "మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమం" అని మాత్రమే ఉంటే అందులో ఏమున్నట్టు? పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు 10 కోట్లు ఉంటే సరైన స్థాయి. ఉప్పును తట్టుకునేదని రాసినవాళ్ళు ఎంత ఉప్పు దాకానో కూడా రాయాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, ఎండలో నిలబెట్టిన బండిలో రెండు రోజులు మగ్గిన సరుకైతే లోపల శవాలే మిగులుతాయి. అమ్మే చోట ఎక్కడ నిల్వ ఉంచారో కళ్ళతో చూడండి. నేను ఒకసారి చూడకుండా కొని, ప్రయోగశాలలో పలకల మీద పరచి చూస్తే ఒక్క చుక్క కూడా మొలవలేదు.

ఒకే రకం మంచిదా, నాలుగైదు కలిపినదా?

కలిపినవి పరీక్షించి కలిపినవైతే మంచివి. జిగట స్రవించేది ఒకటి, ఏసీసీ విరిచేది ఒకటి, భాస్వరం కరిగించేది ఒకటి ఉంటే పనులు పంచుకుంటాయి. దొరికినవన్నీ ఒక డబ్బాలో పోస్తే మాత్రం వేగంగా పెరిగేది మిగతావాటిని తొక్కేస్తుంది.

మామూలు రైజోబియం, అజోస్పైరిల్లం వాడితే చాలదా?

గాలిలోని నత్రజనిని పంటకు అందించే ఈ బ్యాక్టీరియా, ఉప్పు తక్కువగా ఉన్న చోట చాలు. ఉప్పు పెరిగేకొద్దీ రైజోబియం కన్నా ముందు దాని పని దెబ్బతింటుంది. పప్పుజాతి వేరు వెంట్రుక వంకర తిరిగి బ్యాక్టీరియాను లోపలికి రానివ్వడం ఉప్పులో సరిగ్గా సాగదు, వేరు బుడిపెలు తగ్గుతాయి. అందుకే పప్పుజాతి పంటల్లో ఉప్పుకు అలవాటుపడిన రైజోబియానికి తోడు ఏసీసీ విరిచే మరో బ్యాక్టీరియాను ఇవ్వడం తెలివైన పని. ఇథిలీన్ తగ్గితే బుడిపెలకూ ఊపిరి ఆడుతుంది.

ఉప్పు మడుల గట్ల మీద పెరిగే మొక్కల కింద మట్టి తెచ్చి చల్లుకోవచ్చా?

ఆలోచన సరైనదే, పరిశోధకులు వెతికేదీ అక్కడే. సాలికార్నియా, సువేడా లాంటి ఉప్పు మొక్కల వేళ్ళ చుట్టూ ఇలాంటి బ్యాక్టీరియా గుంపులుగా ఉంటాయి. కానీ బుట్టెడు మట్టి తెస్తే దానితో ఉప్పు, కలుపు విత్తనాలు, నులిపురుగులు, తెగుళ్ళ శిలీంధ్రాలు అన్నీ వస్తాయి. కావలసిన బ్యాక్టీరియా ఆ మట్టిలో ఉన్నా మీ పంట వేరును పట్టుకుంటుందన్న భరోసా లేదు. చేయకపోవడమే మంచిది.

ఇంట్లోనే పెంచుకోవచ్చా?

వద్దు. ఉప్పు కలిపిన మాధ్యమంలో మనకు కావలసినవే కాదు, స్టెఫైలోకాకస్ లాంటివి కూడా హాయిగా పెరుగుతాయి. మొక్కలకు మేలుచేసిందని పరిశోధనల్లో కనిపించే కొన్ని జాతులు, ఉదాహరణకు సూడోమోనాస్ ఎరుజినోసా, రోగనిరోధక శక్తి తగ్గిన మనుషుల్లో తీవ్రమైన జబ్బులు తెస్తాయి. పేరు, భద్రత తేలని జీవిని బకెట్లలో పెంచి చేతులతో చల్లడం ప్రమాదం. కొన్న సరుకు వాడేటప్పుడు కూడా చేతులకు తొడుగులు, పొడి అయితే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

## పొలంలో వాడేటప్పుడు

విత్తనానికి పట్టించాలా, నారు వేళ్ళు ముంచాలా, నేలలో వేయాలా?

ఉప్పు నేలలో అతి గండం మొలక దశ. కనుక మొదటి ఓటు విత్తనానికే. పొడి రకాలకు సాధారణంగా 10 కిలోల విత్తనానికి 200 గ్రాములు వాడతారు. ప్యాకెట్ మీద వేరే మోతాదు ఉంటే అదే పాటించాలి. పలచటి గంజి లేదా బెల్లం నీరు జిగురుగా వాడి, నీడలో కలిపి, నీడలోనే ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. నాటే పంటలకు నారు వేళ్ళను ద్రావణంలో అరగంట ముంచితే వేరు గాయాల దగ్గరే బ్యాక్టీరియా స్థిరపడతాయి. నేలలో వేసేటట్టయితే ఒట్టి పొడి చల్లడం దండగ. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడి ఉన్న సాలులో, సాయంత్రం వేళ వేయాలి. బ్యాక్టీరియాకు ఉప్పు కన్నా ఎండ పెద్ద శత్రువు.

విత్తన శుద్ధి మందులతో కలపవచ్చా?

ఒకే గిన్నెలో కలపవద్దు. రాగి, పాదరసం ఉన్న మందులు బ్యాక్టీరియాను చంపుతాయి, యాంటీబయాటిక్‌లు కూడా అంతే. శిలీంధ్రనాశని తప్పదనుకుంటే ముందు దాన్ని పట్టించి బాగా ఆరనిచ్చి, విత్తే ముందు చివరగా బ్యాక్టీరియా పట్టించండి. అలాంటప్పుడు బ్యాక్టీరియాను విత్తనానికి కాక ఎరువుతో సాలులో వేయడం ఇంకా మేలు. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీటిని రాత్రంతా మూత తీసి ఉంచి వాడుకోండి.

విత్తే ముందు నీరు పెట్టాలా, తర్వాతా?

విత్తే ముందు ఒక తడి ఇచ్చి పై పొరలోని ఉప్పును కిందికి దించితే మొలక బతుకుతుంది, బ్యాక్టీరియాకూ తేమ దొరుకుతుంది. బోదెల మీద వేసే పంటల్లో ఒక కిటుకు ఉంది. కాలువలో నీరు ఇంకేటప్పుడు ఉప్పు బోదె నెత్తి మీదికి చేరుతుంది. విత్తనాన్ని అక్కడ కాకుండా బోదె వాలులో వేయాలి. బ్యాక్టీరియా పట్టించిన విత్తనమైనా నెత్తి మీద వేస్తే ఉప్పు నోట్లో పెట్టినట్టే.

బోరు నీరే ఉప్పగా ఉంది. అయినా లాభం ఉంటుందా?

నీటి వాహకత 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు, 3 దాటితే తీవ్రమైన పరిమితి అని ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. 2 డెసీసీమెన్స్ నీరంటే లీటరుకు 1.3 గ్రాముల ఉప్పు. హెక్టారుకు 10 సెంటీమీటర్ల తడి ఇస్తే 1.3 టన్నుల ఉప్పు మీరే మోసుకొచ్చి పోసినట్టు. బ్యాక్టీరియా ఈ వరదకు అడ్డుకట్ట కాలేవు. మంచి నీరు కాస్తయినా దొరికితే దాన్ని మొలక, లేత దశలకు దాచిపెట్టి, ఉప్పు నీటిని పంట ముదిరాక వాడండి.

రసాయన ఎరువులు తగ్గించవచ్చా?

మొదటి పంటలో తగ్గించవద్దు. ఎరువుల రకం మార్చుకోండి. పొటాషియం క్లోరైడ్ బదులు పొటాషియం సల్ఫేట్ వాడితే క్లోరైడ్ భారం తగ్గుతుంది. నత్రజనిని విడతలుగా ఇవ్వండి. పీహెచ్ ఎక్కువున్న నేలలో పైన చల్లిన యూరియా అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది కాబట్టి మట్టిలో కప్పాలి. ఎరువునూ బ్యాక్టీరియానూ ఒకే రోజు ఒకే చోట వేయకుండా కొన్ని రోజులు ఎడం ఉంచండి.

## పంట మీద ఉన్నప్పుడు

ఎన్ని రోజుల్లో తేడా కనిపిస్తుంది?

మొదట కనిపించేది భూమి కింద. రెండు మూడు వారాల మొక్కను జాగ్రత్తగా పెకిలించి చూస్తే పక్క వేళ్ళు ఎక్కువగా, వేరుకు మట్టి మందంగా అంటుకుని ఉండవచ్చు. పైన కనిపించేది మొలకల సంఖ్య, ఆకు అంచులు మాడడం ఆలస్యం కావడం. వారంలో ఆకులు ముదురు పచ్చగా మారితే బ్యాక్టీరియాను మెచ్చుకునే ముందు, ద్రావణంలో నత్రజని ఏమైనా కలిపారేమో విచారించండి.

పక్క పొలంలో పనిచేసింది, మా పొలంలో పనిచేయలేదు. ఎందుకు?

ఉప్పు పొలమంతా ఒకేలా పరుచుకోదు. పది అడుగుల దూరంలో వాహకత రెట్టింపు కావచ్చు. దానికి తోడు నేలలో ముందే ఉన్న సూక్ష్మజీవులు కొత్తవాటికి చోటివ్వవు. సేంద్రియ పదార్థం లేని నేలలో కొత్తవాటికి తిండి ఉండదు. పంట రకం మారితే వేరు స్రవించే పదార్థాలు మారి, ఒక రకానికి అతుక్కున్న బ్యాక్టీరియా ఇంకో రకానికి అతుక్కోకపోవచ్చు. చాలాసార్లు కారణం ఇంతకన్నా చిన్నది: పట్టించిన విత్తనాన్ని ఎండలో ఆరబెట్టి ఉంటారు.

నిజంగా పనిచేసిందో లేదో నేనే ఎలా తేల్చుకోవాలి?

ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు, అడిగేవాళ్ళే తక్కువ. పొలాన్ని రెండు సగాలు చేసి పోల్చవద్దు, ఒక సగంలో ఉప్పు తక్కువుంటే బ్యాక్టీరియాకు దొంగ పేరు వస్తుంది. సన్నటి పట్టీలుగా విడగొట్టి ఒకటి వేసినది, ఒకటి వేయనిది, మళ్ళీ వేసినది, వేయనిది అంటూ కనీసం నాలుగు జతలు పెట్టండి. వేయని పట్టీల విత్తనానికి కూడా అదే జిగురు, మరిగించి చల్లార్చిన అదే ద్రావణం పట్టించండి. అప్పుడే బతికిన బ్యాక్టీరియా వల్ల వచ్చిన తేడా ఎంతో, పొడిలోని పోషకాల వల్ల వచ్చినది ఎంతో విడిపోతుంది. ఒక్కోసారి చచ్చిన బ్యాక్టీరియా ఉన్న పొడికి కూడా పంట పెరిగినట్టు కనిపిస్తుంది. విత్తనం వేసిన పదిహేనో రోజున మీటరు సాలులో మొలకలు లెక్కపెట్టి, కోతలో పట్టీల వారీగా తూకం వేయండి. నాలుగు జతల్లో నాలుగూ ఒకే వైపు మొగ్గితే నమ్మవచ్చు. రెండు అటు రెండు ఇటు అయితే, పెట్టిన డబ్బు మురుగు కాలువ పూడికతీతకు మళ్ళించండి.

## కోత తర్వాత

ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉంటాయా?

ఉండవు. వేసిన కొన్ని వారాల్లోనే బయటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా సంఖ్య పడిపోవడం మామూలు. బాసిల్లస్ లాంటివి గట్టి పెంకు కట్టిన సిద్ధబీజాలుగా మారి నిద్రలో మిగులుతాయి గానీ, తిరిగి పంట వేరు మీద సరిపడా సంఖ్యలో లేస్తాయన్న నమ్మకం లేదు. ప్రతి పంటకూ పట్టించాల్సిందే. మధ్యలో జీలుగ లాంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నితే ఉన్నవాటికి తిండి దొరుకుతుంది, మట్టీ గుల్లబారుతుంది.

అలా పండిన పంట తినవచ్చా? ఉప్పగా ఉంటుందా?

గుర్తింపు ఉన్న, సురక్షితమని తేలిన జాతులైతే తినవచ్చు. విత్తనానికి పట్టించిన బ్యాక్టీరియా గింజలోకి చేరేంత ఉండవు. ఆకుకూరలకు మాత్రం పైన పిచికారీ చేయకండి. రుచి సంగతికొస్తే, మొక్క సోడియాన్ని చాలావరకు పాత ఆకుల్లో ఉంచి గింజలోకి తక్కువే పంపుతుంది, గింజ ఉప్పగా మారదు. ఉప్పులో పెరిగిన టమాటా చిన్నదవుతుంది కానీ తీపి పెరుగుతుంది, ఇది బ్యాక్టీరియా లేకపోయినా జరిగేదే.

వీటిని వాడుతున్నాం కదా, ఇక ఉప్పు కడగడం మానేయవచ్చా?

మానేస్తే ప్రతి ఏడూ ఉప్పు పెరుగుతూ, ఏదో ఒక ఏడు బ్యాక్టీరియా కూడా నిలబెట్టలేని స్థాయికి నేల చేరుతుంది. మీటరు లోతు మట్టి గుండా మీటరు లోతు మంచి నీరు దిగితే అందులోని లవణాల్లో దాదాపు 80 శాతం కొట్టుకుపోతుంది. నీటిని ఒకేసారి నిలగట్టకుండా విడతలుగా పెడితే అంతకన్నా తక్కువ నీటితోనే పని జరుగుతుంది. అయితే కిందికి దిగిన నీరు బయటికి పోవడానికి కాలువ ఉండాలి. లేకపోతే భూగర్భ జలమట్టం పైకి లేచి, కడిగిన ఉప్పునే వేసవిలో తిరిగి నెత్తికి ఎక్కిస్తుంది. జలమట్టం వేసవిలో కూడా రెండు మీటర్ల లోపే ఉండే పొలంలో మొదటి ఖర్చు కాలువకు పెట్టి, మిగిలితే సీసా కొనండి.